నీళ్లు పోసిన కవరు

కాటేదాన్‌ల ఓ షెడ్డుల ఐలేశు నైలాన్ పట్టీలు పోస్తుండె. కరెంటు వైర్లన్ని ఒక్కకాడ పెట్టి బిగించి కడ్తరు సూడుండ్రి, ఆ తెల్ల పట్టీలు. ఆ ఎండకాలం ఆయన పోసిన పట్టీలు బిగిస్తుంటెనే పటుక్కున ఇరుగుడు మొదలువెట్టినయి. పంపిన సరుకంత వాపసొచ్చి గుమ్మంల కుప్పవడ్డది.

ఐలేశుకు అంతు చిక్కలె. ఆయనకు పని నేర్పింది జహంగీర్ ఉస్తాద్. కరిగించి పోసే నైలాన్ గింజకు దూప ఎక్కువ, గాలిల తడి గూడ తాగుతది, తడి గింజ మిషన్ల పోస్తె సరుకు మీద తెల్ల చారలొస్తయని మొదటి దినమే చెప్పిండు. బాగ ఆరవెట్టినంకనే పోస్తుండె ఐలేశు. ఆ మాట ఎన్నడు తప్పలె.

ఆ యేడే ఉస్తాద్‌కు కండ్లు మసకలై ఇంటి పట్టున కూసున్నంక షెడ్డు ఐలేశు చేతికొచ్చింది. ప్యాకింగ్ కాడ బాలమణి, పట్టీలు కవర్ల వేసి, ఇన్ని నీళ్లు చిలకరించి మూతి కడ్తుండె. గింజకు పడని నీళ్లు సరుకుకెట్ల పడ్తయని ఐలేశు గదిమిండు. "నీళ్లేమన్న నీ ఇంట్లకెల్లి తెస్తున్ననా అన్నా" అని ఆమె గొణిగింది గని, మానేసింది.

ఆ ఎండలల్లనే ఐలేశు భార్య సుగుణ జరమొచ్చి పోయింది. ఐలేశు ఒక్క సుక్క కన్నీరు పెట్టలె. చిన్న బిడ్డ నవ్య అమ్మ చీర పట్టుకొని ఏడుస్తుంటె, ఆ చీర తీసి పెట్టెల పెట్టి తాళమేసిండు. పిల్ల ఏడుపు మానింది. దాంతోని మాట గూడ మానింది.

ఇరిగే పట్టీలు కవర్ల పట్టుకొని ఐలేశు ఉస్తాద్ ఇంటికి పోయిండు. గింజ మార్చిన, పట్టీలు పోసే సాంచ కడిగిన, ఇంకింత ఎక్కువ ఆరవెట్టిన, అయినా ఇరుగుతున్నయని చెప్పిండు. ఉస్తాద్ అన్ని ఇన్నడు.

"బిడ్డ ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది ఉస్తాద్. గట్టి పిల్ల. నా లెక్కనే, ఏడ్వది."

ఉస్తాద్ ఒక పట్టీ తీసి వంచిండు. ఇరిగింది. ఇంకోటి వంచిండు. అది గూడ ఇరిగింది. చెంబుల నీళ్లు సగం తాగి, మిగిలినయి ఆ కవర్ల పోసి మూతి కట్టిండు.

"నీళ్లు పడయని మీరే చెప్పిండ్రు గదా!"

"నిప్పులకు పోయే ముందు ఆరవెట్టాలె బేటా. నిప్పులకెల్లి వచ్చినంక దూప తీర్చాలె. ఇంట్ల పెట్టు. కొన్ని దినాలు ఇప్పకు."

ఐలేశు ఆ కవరు కిటికిల పెట్టిండు. నవ్య పొద్దుమాపు దాని దిక్కే చూస్తుండె. గడువు తీరినంక బిడ్డ ముంగటనే ఇప్పిండు. పట్టీ తీసి వంచిండు, మెలిపెట్టిండు, ముడేసిండు. ఇరగలె. నవ్య దాన్ని అందుకొని తనూ వంచి చూసింది. మెల్లగ తలెత్తి నాయిన మొకం చూసింది.

ఐలేశు లేచి పెట్టె తాళం తీసిండు. చీర తెచ్చి బిడ్డ ఒళ్ల పెట్టిండు.

నవ్య అండ్ల మొకం దాచుకొని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఎన్నో దినాల తర్వాత "నాయినా" అన్నది. ఆ చీర కొంగు ఇంకో కొస ఐలేశు పట్టుకున్నడు.

తెల్లారి బిడ్డను ఎంటవెట్టుకొని ఉస్తాద్ ఇంటికి పోయిండు. అడుగుల సప్పుడు పోల్చి ఉస్తాద్ అడిగిండు.

"ఇరిగినయా?"

ఐలేశు ముడేసిన పట్టీ తీసి ఉస్తాద్ చేతిల పెట్టిండు. కండ్లు సరిగ కనవడని ఉస్తాద్ చెయ్యి జాపి, తడుముకుంట వచ్చి, ఆయన చెంప ముట్టిండు. ఉస్తాద్ వేళ్లు తడిసినయి. ఐలేశు సిగ్గుపడి తుడ్సుకోవోయిండు.

ఉస్తాద్ ఆ చెయ్యి పట్టుకున్నడు.

"ఉండనీ, బేటా."