బొల్లి మేక కట్టిన వేషం

అడవిలో వాగులన్నీ ఎండి, కొండ కింద మడుగు ఒక్కటే మిగిలిన ఎండాకాలం అది. ఆ నీళ్లకు కాపలా నక్క. ఎవరు ముందు తాగాలో, ఎవరు తర్వాత తాగాలో చెప్పేది ముసలి కర్రెద్దు. వయసులో పెద్దది కాబట్టి దాని మాటకు ఎదురుండేది కాదు.

ఆ మడుగు దగ్గరే ఒక రోజు బొల్లి అనే తల్లిమేక పిల్ల కనబడకుండా పోయింది.

"కాలు జారి నీళ్లలో పడింది. తల్లి చూసుకోవద్దూ? ఆకులు కనబడితే చాలు, దానికి ఒళ్లు తెలియదు," అంది నక్క.

అంతే. అక్కడున్న జంతువుల్లో ఒక్కటంటే ఒక్కటి నక్కను ఎదురు ప్రశ్న అడగలేదు. బిడ్డను పోగొట్టుకున్నదాన్నే మధ్యలో నిలబెట్టి కడిగేశాయి. ఇకమీదట బొల్లి అందరి తర్వాతే నీళ్లు తాగాలని ఎద్దు తీర్పు చెప్పింది. ఏం తీర్పండీ అది! దాని వంతు వచ్చేసరికి ఒడ్డున బురదే మిగిలేది. పది రోజులు ఆ బురదే తాగింది బొల్లి. నోరు విప్పడం మానేసింది. తప్పు నిజంగా తనదేనేమోనని లోలోపల కుమిలిపోయింది.

అప్పుడొచ్చింది ఊసరవెల్లి. పగటివేషాలు వేసుకుని బతికే ప్రాణి. రంగులు మారుస్తుందని దాన్ని ఆడిపోసుకునేవే, ఆట ఉందంటే ముందొచ్చి కూర్చుంటాయి.

"అక్కా, నాకో అనుమానం ఉంది. నక్కను అడిగితే నిజం చెప్పదు, ఎగతాళి చేస్తే చెబుతుంది. రేపు నేను నక్క వేషం కడతాను. నువ్వు నీ పిల్ల వేషం కట్టు."

బొల్లి మొహం తిప్పేసుకుంది.

"మాటలేమీ చెప్పక్కర్లేదు. నేను మీదికొస్తాను. నువ్వు కుమ్ము. గట్టిగా కుమ్ము."

మర్నాడు పొద్దున్నే అన్నీ మడుగు దగ్గర చేరాయి. ఊసరవెల్లి ఎర్రమట్టి రంగుకు మారి, వెనక జొన్నకంకి కట్టుకుని తోకలా ఊపింది. బొల్లి తన పిల్లకున్నట్టే నుదుట తెల్లమట్టి చుక్క పెట్టుకుంది.

"మొహాన రంగున్నంతసేపు వేషగాళ్లు ఏం చేసినా తప్పు పట్టకూడదు. ఆనవాయితీ తెలుసుగా?" అంది ఎద్దు.

"ఆట ఆటే కదా మామా," అంటూ నక్క ముందు వరసలో కాళ్లు చాపుకుంది.

ఊసరవెల్లి మీదికొచ్చింది. బొల్లి కదల్లేదు. మళ్లీ వచ్చింది. ఈసారి బొల్లి తల వంచి ఒక్క కుమ్ము కుమ్మింది. ఊసరవెల్లి పల్టీ కొట్టి, "బాబోయ్, పాలు తాగే పిల్ల నన్ను చంపేస్తోంది!" అని ఏడుస్తూ పరిగెత్తింది. కుందేళ్లు పడిపడి నవ్వాయి. బొల్లి వెంటపడి తరిమింది. తన పిల్లకు చేతకానిది ఇప్పుడు తాను చేస్తుంటే, పది రోజులుగా గుండెల్లో అడ్డుపడినదేదో కరగడం మొదలైంది.

నక్క మొహం మాడిపోయింది. "నీ కాళ్లు పట్టుకుంటా, వదిలెయ్ తల్లీ!" అని ఊసరవెల్లి జొన్నకంకి ముడుచుకునేసరికి నక్క ఇక ఆగలేకపోయింది.

"ఆపు! అదేం నటన? పాలపిల్లకి నేను భయపడ్డానా? ఆ నల్లరాయి చాటున పొంచి, ఒక్క దూకులో గొంతు పట్టేశాను. అమ్మా అని అరవనిచ్చానా?"

నవ్వుతున్నవన్నీ నక్క వైపు తిరిగాయి.

నక్క నాలుక కరుచుకుంది. "అదీ... నేనూ ఆటలోనే అన్నాను."

"మరి నీ మొహాన రంగేదీ?" అంది ఊసరవెల్లి.

బొల్లి మెల్లగా నక్క వైపు తిరిగి తల వంచింది.

"మామా, చూడు, ఇది నా మీదికొస్తోంది!"

"దాని మొహాన రంగుంది. ఇంకా ఆటలోనే ఉంది," అంది ఎద్దు, సిగ్గుతో తలెత్తకుండా.

బొల్లి కుమ్మిన కుమ్ముకు నక్క వెళ్లి బురదలో పడింది. పది రోజులు బొల్లి తాగిన బురదే అది. లేచి చూస్తే చుట్టూ కొమ్ములు. ఎటు సందు దొరికితే అటు పరిగెత్తి, మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

ఎద్దు పక్కకు జరిగి దారిచ్చింది. "రా అమ్మా, ఇవాళ్టి నుంచి ముందు నువ్వే తాగు."

అప్పుడు బొల్లి నోరు విప్పింది.

"నీళ్ల సంగతి తర్వాత. పిల్ల మడుగులో పడి ఉంటే తేలాలి కదా అని మీలో ఒక్కరైనా అడిగారా?"

బొల్లి నుదుటి మీద చుక్క అలాగే ఉంచుకుని, జంతువుల మధ్య నుంచి నడిచి వెళ్లి కడుపునిండా నీళ్లు తాగింది.

నష్టపోయినదాన్నే దోషిని చేసే చోట, నిజం వేషం కట్టుకుని రావలసి వస్తుంది.