మడి కట్టుకున్న మిషను

అనగనగా గోదావరి పక్కన ఒక ఊరు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో ఇంట్లోవాళ్ళకంటే ముందు పక్కింటివాళ్ళకి తెలిసిపోయేది. అంత మంచి ఊరు, బుజ్జీ.

ఆ ఊళ్ళో మాణిక్యాంబ అని ఒకావిడ ఉండేది. ఆవిడ భర్త అవధానులుకి జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది కానీ నోటికి రుచి పోయింది. ఏం పెట్టినా రెండు మెతుకులు కెలికి కంచం తోసేసేవాడు. మనిషి చిక్కిపోయి దండెం మీద ఆరేసిన పంచెలా అయ్యాడు.

ఒకనాడు మాత్రం, "మన చెట్టు మామిడి తాండ్ర ఉంటే ఓ ముక్క తిందును" అన్నాడు.

మాణిక్యాంబకి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ ఏడు గాలివానకి చెట్టుకి మిగిలినవి ఒక బుట్టెడు కాయలే. అవి పండేసరికి ముసురు పట్టుకుంది. చాప మీద రసం పోస్తే ఆరదు. ఊరికే ఉంచితే పులిసిపోతుంది.

అప్పుడు కోడలు హైమ ఒక కరెంటు పెట్టె తెప్పించింది. లోపల పళ్ళేలు, వెనకాల చిన్న ఫ్యాను. వేడిగాలి తిరిగి పళ్ళని ఎండబెడుతుందిట.

"ఎండ లేకుండా ఎండబెట్టడమేమిటే? సూర్యనారాయణమూర్తి ఏమనుకుంటాడు?" అంది మాణిక్యాంబ.

"ఆయన సెలవులో ఉన్నారుగా అత్తయ్యా" అంది హైమ.

ఇద్దరూ కలిసి రసం పిండారు. బెల్లం కలిపారు. నెయ్యి రాసిన పళ్ళేల్లో పల్చగా పోసి, తలుపు మూసి, మీట నొక్కారు.

ముందు పక్కింటి కామాక్షమ్మ వచ్చింది. తలుపు తీసి, వేలు పెట్టి నాకి, "ఆరలేదు" అని చెప్పింది. పాపం, ఆవిడ చెప్పకపోతే ఎవరికీ తెలిసేదే కాదు.

ఆ తర్వాత పోస్టుమాస్టరు వచ్చాడు. తలుపు తీసి, వెచ్చగా ఉందని మెచ్చుకుని, తడిసిన కండువా లోపల ఆరేయబోయాడు. హైమ లాక్కోబట్టి సరిపోయింది.

ఆ తర్వాత మాణిక్యాంబే మాటిమాటికీ తలుపు తీయడం మొదలుపెట్టింది.

"ఎందుకత్తయ్యా తీస్తారు?"

"కాకులేమైనా వాలాయేమోనని చూస్తున్నానే!"

తీసినప్పుడల్లా వేడంతా బయటికి పోయింది. సాయంత్రమైనా రసం రసంలాగే ఉంది. ఇంకాసేపు అలాగే ఉంటే పులుపెక్కుతుంది. ఇంకో బుట్ట లేదు. హైమ మామగారి గదిలోకి తొంగి చూసింది. కంచంలో అన్నం అలాగే ఉంది.

అప్పుడు హైమ తిన్నగా నూతి దగ్గరికి వెళ్ళి తలమీంచి నీళ్ళు పోసుకుంది. మడిబట్ట కట్టుకుని వచ్చి మిషను పక్కన నిలబడింది.

"అత్తయ్యా, ఇది మడిలో ఉంది" అంది.

మడి అంటే స్నానం చేసి శుచిగా ఉండడం, బుజ్జీ. మడిలో ఉన్నదాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. వీధి వీధంతటికీ ఆ పట్టింపు నేర్పింది మాణిక్యాంబే. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది.

ఆ తర్వాత అందరూ మిషనుకి దూరంగా పీటలేసుకుని కూర్చున్నారు. ఏమీ చెయ్యకుండా ఉండడం ఆ ఊరివాళ్ళకి అదే మొదటిసారి. మడిలో ఉన్న హైమ ఒక్కతే, ఆరిన పొర మీద ఇంకో పొర పోసింది.

మర్నాటికి తాండ్ర తేనెరంగులో నిగనిగలాడింది. అవధానులు ఓ ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. గుమ్మంలో అందరూ మెడలు చాచి చూశారు. ఆయన మొహం చిట్లించాడు.

"ఇదేం తాండ్రే! పంటికింద ఇసకే తగల్లేదు!"

మాణిక్యాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో కామాక్షమ్మ కూడా తేల్చలేకపోయింది. వంక పెట్టాడంటే రుచి తెలిసినట్టే కదూ!

ఆయన రెండో ముక్క అందుకుని, "అమ్మాయ్ హైమా, అన్నం పెట్టు. ఆకలేస్తోంది" అన్నాడు.

ఇక పడుకో నా తల్లీ.

కథేమో కంచికి చేరింది,
కునుకేమో కంటికి చేరింది.