పోలన్న పడవకు కింది బందు

అనగనగా, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి ఉండేది. ఆ అడవిలో పోలన్న అనే నీటికుక్క పడవ నడిపేవాడు.

అది చిన్న తెరచాప పడవ. పాతది. ఎంత పాతదో పోలన్నకే తెలియదు. ఈత రాని జంతువులను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చడం అతని పని. ఒక్క రోజు కూడా పడవ ఆపలేదని అతనికి గర్వం. ఎవరూ అడగకపోయినా ఆ మాట చెప్పేవాడు.

ఒక ఎండాకాలం తెరచాప కొయ్య కిర్రుకిర్రుమంటూ ఊగడం మొదలుపెట్టింది. పోలన్న వడ్రంగిపిట్ట తిరిపాలును పిలిపించాడు. తిరిపాలు పడవంతా ముక్కుతో కొట్టి కొట్టి చూశాడు. నీళ్ళలో తల ముంచి అడుగున కూడా కొట్టాడు.

"మూడు చోట్ల తుప్పు తినేసింది," అన్నాడు. "ఒకటి, కొయ్యను పట్టుకున్న ఇనుప పట్టీ. రెండు, చుక్కానిని పడవకు పట్టి ఉంచే పై బందు. మూడు, చుక్కానికి కింది బందు."

"ఎన్నాళ్ళు పడుతుంది మావా?"

"మొదటి రెండూ ఈ పూటే అయిపోతాయి. మూడోది నీళ్ళ కింద ఉంది. పడవను ఒడ్డుకు లాగి బోర్లించాలి. ఎనిమిది రోజులు."

పోలన్న ఒడ్డు వైపు చూశాడు. అక్కడ కుందేలు గున్నమ్మ ముగ్గురు పిల్లలతో కూర్చుని ఉంది. ఉప్పునీరు ఎక్కి ఈ ఒడ్డున గడ్డి మాడిపోయింది. పచ్చగడ్డి ఆ ఒడ్డున ఉంది.

"మూడోది ఎవరికీ కనపడదు కదా మావా," అన్నాడు పోలన్న.

"నాకు కనపడింది," అన్నాడు తిరిపాలు.

"వానలు పడ్డాక చూద్దాంలే."

తిరిపాలు రెండు చోట్ల కొత్త ఇనుము బిగించి, ముక్కు తుడుచుకుని ఎగిరిపోయాడు. పోలన్న కొత్త పట్టీని గున్నమ్మకు చూపించాడు. "పడవ బాగైపోయింది అత్తా, ఎక్కండి," అన్నాడు. ఆమె పిల్లలను ఎక్కించి తనూ ఎక్కింది.

పడవ బయలుదేరింది. కొయ్య ఊగడం లేదు. తెరచాప నిండుగా ఉబ్బింది. పడవ ఇంత జోరుగా పోయి ఎన్నేళ్ళయిందో. ఆ జోరుకే నడి ఏట్లో కింది బందు విరిగింది. కొత్తగా వేసిన పై బందు మొత్తం బరువు కాసేపు మోసింది. తర్వాత అదీ ఊడింది. చుక్కాని నీళ్ళలో కొట్టుకుపోయింది. పోలన్న చేతిలో పిడి మాత్రం మిగిలింది.

పడవ మెల్లగా సముద్రం వైపు తిరిగింది.

"పోలన్నా, మనం వెళ్ళేది అటు కదా?" అంది గున్నమ్మ.

"అటే అత్తా."

"మరి ఇటు పోతున్నామేం?"

"పిల్లల్ని గట్టిగా పట్టుకో."

పోలన్న తెరచాప దించేశాడు. ఏట్లోకి దూకాడు. పడవ వెనక భుజం ఆనించి, తోకే చుక్కానిగా చేసుకుని ఈదాడు. సముద్రంలోకి వెనక్కి తీసే పాటు నీరు పడవను లాగుతోంది. రెండుసార్లు పట్టు జారింది. మూడోసారి భుజం తీయకుండా నెట్టాడు. అలలు తెల్లగా విరిగే చోటికి కొంచెం ముందే పడవ, బయలుదేరిన ఒడ్డుకే ఆనుకున్న బురదమేట ఎక్కి ఆగింది.

గున్నమ్మ పిల్లలను లెక్కపెట్టింది. ముగ్గురూ ఉన్నారు. అప్పుడు రెండు చేతులూ జోడించింది.

"మా ప్రాణాలు కాపాడావు నాయనా. అడవంతా చెబుతాను."

పోలన్న భుజం వాచిపోయింది. ఊరుకుంటే సరిపోయేది.

"చెప్పొద్దు అత్తా," అన్నాడు. "చుక్కాని కింది బందు తుప్పు పట్టిందని నాకు పొద్దున్నే తెలుసు. తెలిసే మిమ్మల్ని ఎక్కించాను."

గున్నమ్మ చేతులు దించేసింది. పిల్లలను ఒక్కొక్కరినే దించి, మోకాలి లోతు బురదలో నడిపించుకుంటూ వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని పోలన్నకు అనిపించింది.

అతను పడవను ఒడ్డుకు లాగి బోర్లించాడు. తిరిపాలు వచ్చాడు. "నే చెప్పాగా" అని అనలేదు. కొత్త చుక్కాని చెక్కి, రెండు బందులూ వేసే పని మొదలుపెట్టాడు. ఎనిమిది రోజులన్నది పది రోజులైంది. దారిన పోయే ప్రతి జంతువూ పడవ ఎందుకు ఆగిందని అడిగింది. పోలన్న ప్రతి ఒక్కరికీ జరిగింది జరిగినట్టు చెప్పాడు.

పదకొండో రోజు పడవ నీళ్ళలోకి దిగింది. ఎవరూ ఎక్కలేదు. పన్నెండో రోజు కూడా అంతే. పదమూడో రోజు గున్నమ్మ ఒక్కతే వచ్చింది.

"బాగు చేయించాను అత్తా," అన్నాడు పోలన్న.

గున్నమ్మ పడవ వెనక్కి వెళ్ళింది. ఊపిరి బిగబట్టి, చెవులతో సహా తల నీళ్ళలో ముంచింది. చాలాసేపు చూసింది. తల బయటికి తీసి, చెవులు విదిల్చుకుని, మళ్ళీ ఒకసారి ముంచి చూసింది.

తర్వాత పొదల వైపు తిరిగి పిల్లలను పిలిచింది.

నీతి: పదిమందిని మోసే పనిలో, కంటికి కనపడని లోపాన్ని కూడా ముందే సరిచేయాలి; చేయకపోతే ఆ తప్పు దాచకుండా ఒప్పుకోవాలి.