మధ్య పేజీల కోడలు

అనగనగనగా, గోదారికి ఇవతలి గట్టునో అవతలి గట్టునో ఒక ఊరు. ఆ ఊళ్ళో మాణిక్యమ్మ అని ఒక అత్తగారు, పేరిందేవి అని ఆవిడ కోడలు. ఒరేయ్ కిట్టూ, కాళ్ళు ముడుచుకో, చెల్లికి తగులుతున్నాయి. ఆఁ, ఆ పేరిందేవికి నవలల పిచ్చి. కొనిపెట్టేవాళ్ళెవరు? కొట్టు కామయ్య పాత నవలలు చింపి సరుకులు పొట్లాలు కట్టేవాడు. ఇంకేం, చింతపండు పొట్లంలో పెళ్ళిచూపులు, కందిపప్పు పొట్లంలో కన్నీళ్ళు, ఎండుమిరపకాయల పొట్లంలో మొగుడూ పెళ్ళాల తగువు! పొట్లం విప్పితే సరుకు నేలపాలు, కాగితం కళ్ళపాలు, పొయ్యి మీద పులుసు బొగ్గులపాలు.

అన్నీ మధ్య పేజీలే మరి. మొదలు దొరకదు, చివర దొరకదు. ముందేమైందో, వెనకేమైందో తనే ఊహించుకునేది. పోనుపోనూ అదే అలవాటైపోయింది. తిట్టే మనిషిని చూసినా ముందేమైందో అనుకునేది, ఏడ్చే మనిషిని చూసినా ముందేమైందో అనుకునేది. ఆఖరికి తన్నిన గేదెని చూసినా అంతే. నవ్వకండర్రా, నిజం! ఊ కొడుతున్నారా?

సరే. ఒకనాడు మిట్టమధ్యాహ్నం పెరటి వసారాలో ఖాళీ రోట్లో రోకటి చప్పుడు. ధబ్, ధబ్. చూస్తే మనిషి లేదు, రోకలి ఒక్కటే లేస్తోంది, పడుతోంది. దయ్యం! మర్నాడూ అంతే. భూతవైద్యుడొచ్చి వేపమండ ఝళిపిస్తే, ఆయన తలపాగా లాక్కుని రోట్లో వేసి దంచిందిట. ఇంకొకాయన నిమ్మకాయలు తెచ్చాడు. అవీ దంచింది. పచ్చడైపోయాయి.

మాణిక్యమ్మ కోపమంతా కోడలి మీదికి మళ్ళింది. ఆ దిక్కుమాలిన కాగితాల్లోంచే దయ్యం దిగిందంది. "రేపు మధ్యాహ్నానికి అదన్నా పోవాలి, నువ్వన్నా నీ పుట్టింటికి పోవాలి" అని బండి కట్టమంది. మొగుడు సత్తిరాజు అమ్మ మాట జవదాటడుగా. ఎద్దుల మెళ్ళో గంటలు కూడా కట్టాడు, వెర్రి సన్నాసి. పేరిందేవి గుండె చెరువైంది. ఆ ఇల్లంటే ఇష్టం, ఆ వెర్రి మొగుడంటే ఇష్టం, తన్నే గేదె అన్నా ఇష్టమే.

మర్నాడు ధబ్ ధబ్ మొదలైంది. అందరూ గదిలో దూరి గడియ పెట్టుకున్నారు. పేరిందేవి మాత్రం రోలు పక్కన పీట వేసుకుని కూచుంది. భయం లేకనా? ఉంది. కానీ ఇదీ ఒక మధ్య పేజీయే కదా అనుకుంది.

"ముందేమైందమ్మా?" అని అడిగింది.

రోకలి ఆగిపోయింది. పొమ్మన్నవాళ్ళే గానీ ఏమైందని అడిగినవాళ్ళు లేరే తల్లీ, అని దయ్యం బావురుమంది. అది ఎవరనుకున్నారు? మాణిక్యమ్మ తోడికోడలు నరసాయమ్మ! బతికున్నన్నాళ్ళూ ఆ రోట్లో ఇంటిల్లిపాదికీ దంచి దంచి పోయిందిట. అందరూ తిన్నారుట గానీ, ఇక చాల్లే, వచ్చి తిను అని ఒక్కరూ అనలేదుట. ఆ మాట వింటే గానీ చెయ్యి ఆగదుట.

పేరిందేవి గబగబా విస్తరి వేసి, పిలవబోయి, ఆగింది. ఈ మాట తనంటే ఆ కథ ముగియదు. అనాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. వెళ్ళి గది తలుపు తట్టింది. తలుపు వెనక మాణిక్యమ్మ అంతా వింటూనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చి, వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి తన చేత్తోనే వడ్డించింది.

"అక్కా, ఇక చాలు. రా, తిందువుగాని" అంది.

దయ్యం మారు అన్నం పెట్టించుకుని, పెరుగులోకి ఆవకాయ బద్ద అడిగి మరీ తింది. బ్రేవ్‌మని త్రేన్చి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలా.

మరి బండో? విప్పేశారు. ఆ గంటలు గేదె మెళ్ళో కట్టారు. ఆ సాయంత్రం మాణిక్యమ్మే కొట్టుకి వెళ్ళి, అన్నీ కొంచెం కొంచెంగా, పొట్లాలు ఎక్కువ వచ్చేలా కట్టమందిట. ఇంటికొచ్చి కోడలి పక్కన చతికిలబడి, "పులుసు నేను చూస్తాలేవే. ఇంతకీ ఆ చింతపండు పొట్లంలో పిల్లకి పెళ్ళైందా లేదా, చదువు" అందిట.

అంచేత నాన్నా, ఎవర్నైనా చూసి వీళ్ళింతే అనెయ్యకండి. మన చేతికొచ్చింది మధ్య పేజీ. ముందేమైందని ఒక్క మాట అడగండి.

ఏమర్రా, ఊ కొట్టరే? నిద్రపోయారూ? సరే, కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.