ప్లగ్గుకు పట్టిన నీడ

అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే బదులిచ్చే అలవాటు అప్పలస్వామి మాస్టారికి లేదు. ముప్పై ఏళ్లు ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక కూడా, రోజూ వచ్చి వర్క్‌షాపు అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్లేవారు. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు ఆయన స్థానంలో పాఠాలు చెబుతున్న సుభాషిణి ఒక మధ్యాహ్నం అడిగింది.

"మాస్టారూ, ఎంత చెప్పినా ఉలుకూ పలుకూ లేనివాళ్లని ఏం చెయ్యాలి?"

ఆమె అడిగింది గంగరత్నం గురించి. చేతులు పొక్కిపోయే జీడిపిక్కల పని మానుకుని వచ్చి చేరిన పంతొమ్మిదేళ్ల పిల్ల. నాలుగు నెలలైనా తరగతిలో నోరు విప్పలేదు. ఇక లాభం లేదు, పేరు తీసెయ్యమన్నారు పైవాళ్లు. తీసేస్తే ఆ పిల్ల మళ్లీ ఆ పనికే పోవాలి. మూడు రోజులుగా సుభాషిణికి అన్నం సహించడం లేదు.

మాస్టారు ఎండలో నిలబెట్టిన పాత స్కూటర్ చూపించి, "ఇది స్టార్టవడం లేదు. చూడమ్మా" అన్నారు.

విద్యార్థులు చుట్టూ మూగారు. సుభాషిణి ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి, వైరు క్యాపుకు తగిలించి, ఇంజనుకు ఆనించి కిక్ కొట్టింది. రవ్వ కనబడలేదు. మళ్లీ కొట్టింది. లేదు.

"కరెంటు రావడం లేదు మాస్టారూ. కాయిల్ పోయింది, మార్చాల్సిందే."

వెనక నిలబడ్డ గంగరత్నం చప్పుడు చేయకుండా ముందుకొచ్చి, తన నోటుబుక్కు తెరిచి ప్లగ్గు మీద గొడుగులా పట్టింది.

"ఇప్పుడు కొట్టండి మేడమ్."

కొట్టింది. ఆ కాస్త నీడలో సన్నటి నీలం రవ్వ టిక్కుమని మెరిసింది. కాయిల్‌కి ఏమీ కాలేదు. వెతికితే, పెట్రోలు గొట్టంలో చెత్త అడ్డుపడి ఉంది.

"ఇదెవరు చెప్పారే నీకు?" అంది సుభాషిణి ఆశ్చర్యంగా.

"మీరే కదండీ. చేరిన వారంలోనే చెప్పారు. ఎండలో రవ్వ కనబడదు, నీడ పట్టి చూడాలని."

ఎప్పుడు చెప్పిందో సుభాషిణికి గుర్తే లేదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

మాస్టారు అరుగు దిగి చెప్పులు తొడుక్కున్నారు.

"నువ్వా మాట చెప్పిన రోజున, ఆ పిల్ల ఊఁ అన్నదా అమ్మా?" అన్నారు మెల్లగా.