ఫుయెజాకిలో పలికే రాయి

జపాన్ తూర్పు తీరంలో, కొండలు నేరుగా కడలిలోకి దిగిపోయే చోట ఫుయెజాకి అనే పల్లె ఉంది. ఆ పేరుకు పిల్లనగ్రోవి కొన అని అర్థం. ఎర్రని కొయ్య తోరణం దాటి కొన చివరిదాకా నడిస్తే, అలల మధ్య నిలువెత్తు నల్లరాయి, దాని నడుమ పిడికిలి పట్టేంత రంధ్రం కనబడతాయి. విగ్రహం లేదే అని భక్తులు చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఇక్కడి దేవత ఆ రాయే.

పూర్వం ఇక్కడ షిగే అనే ఆమె ఉండేది. కడలి అడుగున రాళ్లకు అతుక్కునే అవాబి నత్తలను ఊపిరి బిగబట్టి ఏరుకొచ్చేది ఈ తీరంలో ఆడవాళ్లే. ఆ మునక పనిలో షిగేకు సాటి లేదు. ఎంత లోతు నుంచి తేలినా ఆమె రొప్పు వినబడేది కాదు. ఆ రోజుల్లో అదే గొప్ప. ఎవరైనా రొప్పితే అందరికన్నా ముందు నవ్వేది షిగేనే.

ఆమె కూతురు తోయో పదహారో ఏట తొలి మునకకు సిద్ధమైంది.

"పైకి తేలాక కిక్కురుమన్నావంటే నా పరువు పోతుందే" అని తల్లి హెచ్చరించింది.

"అలాగేనమ్మా" అంది ఆ పిల్ల.

మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి పొగమంచు కమ్మేసింది. అందరూ ఒడ్డు చేరారు గాని తోయో రాలేదు. గొంతులు చించుకుని పిలిచినా ఆ పిలుపు అలల హోరులో కలిసిపోయింది. పిల్ల ఊపిరి చప్పుడు వినబడితే చాలు, షిగే ఎంత దూరమైనా ఈదగలదు. ఆ చప్పుడు చేయవద్దని నేర్పింది తానే. ఆమె ఇసుకలో కూలబడి, "తల్లీ, నా గొప్ప నాకొద్దు. నా బిడ్డ ఊపిరి నా చెవిన పడనీ" అని సముద్రానికి మొక్కింది.

అంతలో మంచు లోపలి నుంచి సన్నని ఈల వచ్చింది. షిగే నీళ్లలోకి దూకింది. ఈల ఆగినప్పుడు ఆగుతూ, మోగినప్పుడు ఈదుతూ పోగా చేతికి నల్లరాయి తగిలింది. దాన్ని కావలించుకుని తోయో వణికిపోతోంది.

"భలే ఈల వేశావే నా తల్లీ!" అంటూ షిగే భోరుమంది.

"నేను వేయలేదమ్మా. చప్పుడు చేయొద్దన్నావుగా" అంది తోయో.

నాటి నుంచి ఈ తీరపు ఆడవాళ్లు ఊపిరి దాచుకోలేదు. నీటిపైకి రాగానే పెదవులు గుండ్రంగా చుట్టి, ఈలలా గాలి వదులుతారు. ఏటా వసంతంలో, కొత్తపిల్లల తొలి మునకకు ముందు, ఈ రాయి ఎదుట అందరూ ఈల వేస్తారు. మొదట వేయవలసింది ఆ పనిలో అందరికన్నా ఆరితేరిన ఆమె. ఇప్పుడా వంతు ఎనభై రెండేళ్ల మిచి బామ్మది. పళ్లు లేని నోట ఆమెకు ఉత్త గాలే వస్తుంది.

ఇక్కడ ఈల వేసి మొక్కిన వారి బిడ్డలు ఎంత దూరం పోయినా క్షేమంగా ఇల్లు చేరతారని నమ్మకం. భక్తులు కూడా వేయవచ్చు. ఈల రాకపోయినా సిగ్గుపడవద్దు. ఫుయెజాకిలో ఎవరూ నవ్వరు.