గోడవైపు తిప్పిన పటం

బన్నూ, ఆ కాళ్ళు ఆడించడం ఆపు. చిట్టీ, ఇటు జరుగు. ఊ కొట్టకపోతే మధ్యలోనే ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు రాణీ లేదు గానీ, సువార్తమ్మ అని ఒక అత్తగారు ఉంది. రాణి కంటే ఎక్కువే అనుకోండి. కొడుకు లారీ తోలుతూ ఊళ్ళు తిరిగేవాడు. ఇంట్లో ఆవిడా, కోడలు కృపామణీ. ముందుగదిలో గోడకి యేసుప్రభువు పటం. దాని కింద, ఈ ఇంటికి యజమాని ఈయనే, ఇక్కడ ఆడే ప్రతి మాటా వింటాడు అని రాసుండేది.

ఆవిడకి దేవుడంటే భయం. కోడల్ని తిట్టకపోతేనేమో అన్నం సయించదు. మరేం చేసేది? స్టూలెక్కి పటాన్ని గోడవైపు తిప్పేది. పొద్దున తిప్పేది, తిట్టేది, మళ్ళీ ఇటు తిప్పి ప్రార్థన చేసేది. సాయంత్రం తిప్పేది, తిట్టేది, మళ్ళీ ఇటు తిప్పి ప్రార్థన చేసేది. నవ్వకండి, ఆవిడ తెలివి అంతే.

ఓ క్రిస్మస్ ముందు అరిసెలకని తెచ్చిన బెల్లం అచ్చు కనబడలేదు. పటం తిప్పింది. నువ్వే దొంగవి, నీ పుట్టింటికి మోసేశావు అంది. అన్ని తిట్లూ పడ్డ పిల్ల, దొంగ అన్న మాట పడలేకపోయింది. ఏడుస్తూ సంచి సర్దుకుని కాలవ అవతల పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ గొడవలో పటం గోడవైపే ఉండిపోయింది. ఊ కొడుతున్నారా?

రెండ్రోజులకి అత్తగారు బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే తగిలింది బెల్లం. చీమలు పడతాయని తనే దాచి మరిచిపోయింది. ఇక పటం ఇటు తిప్పబోయి స్టూలు దిగిపోయింది, ఆయన మొహం ఎంత కోపంగా ఉందో అని. పాలు విరిగితే దేవుడికి కోపమొచ్చిందంది. కోడి గుడ్లమీంచి లేచిపోతే దేవుడికి కోపమొచ్చిందంది. కాలు బెణికితే సరేసరి. ఉపవాసం ఉంది. చర్చికి కొవ్వొత్తులిచ్చింది. ప్రభువు బల్లకి కొత్త గుడ్డ కుట్టిచ్చింది. పటం మాత్రం గోడనే చూస్తోంది.

చివరికి పాస్టరుగారి దగ్గర కూలబడి, ఇంకేం ఇస్తే ఆయన కోపం పోతుందండీ అని ఏడ్చింది. బెల్లం దొరికిందని ఆ పిల్లతో చెప్పారా అని అడిగారాయన.

వియ్యపురాలి ముందు తల దించడమంటే మాటలా? దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది పాపం. అయినా వెళ్ళింది. గుమ్మంలోనే నిలబడి, బెల్లం నేనే దాచానమ్మా, నిన్ను దొంగన్నాను, తప్పు నాది, ఇంటికి రా అంది. కృపామణి మొహం తిప్పుకుని ఏడ్చింది. రానంటే తన బతుకేం కాను అని అత్తగారికి దడ. అప్పుడా పిల్ల కళ్ళు తుడుచుకుని, అత్తయ్యా, మీరు పటం తిప్పినప్పుడల్లా నేనూ మిమ్మల్ని లోలోపల తిట్టుకునేదాన్ని, నన్నూ క్షమించండి అంది. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చేశారు.

ఇంటికొచ్చి కోడలే పటం ఇటు తిప్పింది. ఆయన మొహం ఎప్పట్లాగే ఉంది.

దేవుడికి కోపం రాలేదా అంటావా, చిట్టీ? ఎందుకు రాదు? నువ్వు అన్నని గిల్లితే నాకు రాదూ? వాడు నా పిల్లాడు మరి. కానీ నువ్వూ నా పిల్లవే. అంత కోపంలోనూ నీ కంచంలో అన్నం పెట్టి మూతేసి, ఎప్పుడొస్తావా అని చూస్తూ కూర్చుంటాను. ఆయనా అంతే. ఆయనకి కొవ్వొత్తులెందుకు, ఆ పిల్ల కన్నీళ్ళు తుడిస్తే చాలు.

మరి సువార్తమ్మ తిట్టడం మానేసిందా? ఎక్కడ మానేస్తుంది. పటం ఎదురుగానే మొదలుపెట్టేది. సగంలో కళ్ళు పైకి పోయేవి, నవ్వొచ్చేసేది. అత్తగారు నవ్వితే కోడలూ నవ్వేది. ఆ నవ్వు కూడా వింటూనే ఉన్నాడుగా ఆయన.

కథ కంచికి పోయింది, మనం ఇక నిద్రలోకి పోదాం. కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేస్తాను.